హైమావతి సెలవురోజు

ఆ రోజుల్లో కాకినాడలో 'తోడు' లేని ఇల్లు లేదు. గోడలోంచి పలికే ఆ గొంతు ఇంట్లోవాళ్ల మంచీచెడూ కనిపెట్టుకుని ఉండేది. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడకపోతే బెంగ పెట్టుకున్నారనుకుని అయినవాళ్లకు కబురు పెట్టేది.

ఆసుపత్రిలో నర్సుగా చేసే హైమావతికి ఎన్నాళ్లకో సెలవు దొరికింది. వార్డులో రోజంతా పిలుపులే కనుక, ఈ పూట ఎవరితోనూ పలక్కుండా తీరిగ్గా పెసరట్టు వేసుకుంటోంది. ఇంతలో గోడలోంచి చెల్లెలు శేషుకుమారి గొంతు కంగారుగా వినిపించింది.

"అక్కా, పొద్దున్నుంచీ నోరు విప్పలేదంట! బయల్దేరి వచ్చేస్తున్నాను."

"రాకే తల్లీ! నిక్షేపంలా ఉన్నాను. అట్టు మీద అల్లం ముక్కలు కాస్త ఎక్కువే వేసుకున్నాను కూడా."

శేషు నవ్వేసి, "నాకూ అలాంటి సెలవొకటి ఇప్పించవే" అని పెట్టేసింది.

"తప్పయిపోయిందండి," అంది తోడు. "మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఊరికే ఉండు."

"అదెలాగండి?"

హైమావతికి జాలేసింది. "అట్టు కాలుతున్న చప్పుడు విను. నేనూ అదే వింటున్నాను."

తిన్నాక చాప పరుచుకుని హాయిగా నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. తోడు గాని పాడైపోయిందేమోనని ఆమె గోడ వైపు తిరిగి పిలిచింది.

"ఉన్నావా?"

"ఆయ్, ఉన్నానండి. ఇందాక కిటికీ మీద పిచ్చుక వాలిందండి. చెబుదామనుకుని, మీకు నిద్ర చెడుతుందని ఊరుకున్నానండి."

హైమావతి లేవకుండానే కిటికీ వైపు ఒత్తిగిలింది.

"ఇప్పుడు చెప్పు, ఎలా ఉందది?"