సెగ తగిలిన డప్పు

ముసురు పట్టి వారమైంది. ఒక ఆసామి గొడ్లచావడిలో పడుచు గేదె ఒకటి దిగులుగా నిలబడింది. దాని పాలన్నీ ఆఖరి చుక్క దాకా పిండుకుపోతున్నారు. దూడకు డొక్కలు తేలాయి.

"రేపు చెంబు పట్టుకుని రాగానే అందరం ఒక్క గొంతుతో అరుద్దాం తాతా," అంది పక్కనున్న ముసలి ఎద్దుతో.

ఎద్దు నెమరు ఆపి నవ్వింది. "గొంతెత్తి పాడితే పాలు మిగులుతాయా, పిచ్చిదానా? గోడకు వేలాడే ఆ పాలేరు డప్పును చూడు. ఒకప్పుడు ఊరంతా వినపడేది. ఇప్పుడు చెమ్మకు నాని, కొడితే తడి గోనెసంచిలా చప్పుడు చేస్తోంది. మన గొంతులూ అంతే. నోరు మూసుకుని మేత మెయ్యి."

గేదె తల దించుకుంది.

సాయంత్రం దోమలు పోవడానికి చావడిలో పిడకల పొగ వేశారు. ఆ సెగ డప్పుకు తగిలి, వదులైన తోలు మెల్లగా బిగిసింది. ఇంతలో దూడ ఆకలికి ఆగలేక గోడను కుమ్మింది. దాని నుదురు తగిలి డప్పు ఖంగుమని మోగింది. గొడ్లన్నీ చెవులు రిక్కించాయి.

"నేనే తల్లీ, మీ అమ్మమ్మను," అంది డప్పు గేదెతో. "నా దూడల కడుపులూ ఇలాగే ఎండగట్టారు. బతికున్నన్నాళ్లూ ఎంత కొట్టినా నోరెత్తలేదు. చచ్చి, తోలు ఒలిచి, సెగ చూపిస్తే గానీ నాకు గొంతు రాలేదు. మీరు అంతదాకా ఆగకండి."

తెల్లారి చెంబు చప్పుడు కాగానే, అందరికన్నా ముందు రంకె వేసింది ముసలి ఎద్దే.