బిగించిన చెయ్యి

“ఈ టూల్ బిగించిందెవరు?”

సూపర్‌వైజర్ అడిగినదానికి లేత్ నడిపే టర్నర్ దగ్గర జవాబుంది. చెప్పే ఉద్దేశం మాత్రం లేదు. అరగంట కిందట లేత్ మెషిన్ ఆన్ చేసి, గిర్రున తిరుగుతున్న ఇనప కడ్డీకి దాన్ని చెక్కే టూల్ ఆనించాడో లేదో, నాలుగు బోల్టుల కింద కదలకుండా ఉండాల్సిన ఆ టూల్ కాస్తా జారి కడ్డీలోకి దిగబడింది. ఫట్‌మని విరిగింది. విరిగిన ముక్క ఎడమ చెవి పక్కనుంచి దూసుకుపోయి వెనక రేకు గోడకి తగిలింది. రెండంగుళాలు ఇటు జరిగి ఉంటే జవాబు చెప్పడానికి మనిషే మిగిలేవాడు కాదు.

“తెలీదు సార్.”

“నా వైపు చూసి చెప్పండి బాబాయ్. ఎవరు బిగించారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. మీ నోటితో వింటే బాగుంటుందని అడుగుతున్నా.”

“చెప్తే ఏం చేస్తారు?”

“ఏం చేస్తాను? ఇంత వదులుగా బిగించే చేతిని మెషిన్ మీద ఉంచితే రేపు ప్రాణం మీదికొస్తుంది. స్టోర్‌లో కూర్చోబెడతాను. షిఫ్టు అయ్యేలోగా చెప్పండి, లేకపోతే నేనే కాగితం రాయాల్సొస్తుంది.”

ఎప్పుడూ ఒంటికాలి మీద లేచే మనిషి ఇవాళ మెత్తగా మాట్లాడి వెళ్లిపోయాడు.

టర్నర్‌ని షెడ్డులో అందరూ ‘ఉడుం బాబాయ్’ అంటారు. ఆయన బిగించిన బోల్టు ఇంకొకడి చేతికి ఊడి రాదు, అదీ సంగతి. అలాంటివాడు వదులుగా బిగిస్తాడా? ఇది సెకండ్ షిఫ్ట్ ఆయన పనే. దిగిపోయేవాడు వచ్చేవాడి కోసం టూల్‌కి సానపట్టి, బిగించి మరీ వెళ్లడం ఈ మెషిన్ మీద ఆనవాయితీ. వచ్చినవాడు దాన్ని మళ్లీ బిగించి చూడకూడదు. చూశాడంటే, వడ్డించిన ఇల్లాలి ఎదురుగానే ముద్ద నోట్లో పెట్టకుండా ఉప్పు కలుపుకున్నట్టు.

ఆ సెకండ్ షిఫ్ట్ ఆయన మొహం ఏడాదిన్నరగా ఒక్కసారైనా చూడలేదు. రెండింటికి షిఫ్టు అయితే రెండూ పదికి తన బస్సు. అవతలి వాళ్లు వచ్చేది మూడింటికి. పేరు కూడా తెలీదు. అడిగితే తెలిసేదే, కానీ ఎవర్నడగాలి? క్యాంటీన్‌లో నలుగురూ నవ్వుకుంటుంటే మధ్యలో దూరడం చేతకాక, స్టూలు మీదే డబ్బా విప్పుకుని తినే మనిషాయె. ఇంటికెళ్తే ఒక గది, గదిలో ఒక ఫ్యాను.

అందుకే లోకంలో తనకంటూ ఉన్నది ఆ మొహం తెలియని మనిషొక్కడే. రోజూ వెళ్లేముందు టూల్ పెట్టె మూత మీద సుద్దముక్కతో ఏదో ఒకటి రాసేవాడు. ‘ఆయిల్ పోశాను.’ ‘ఎండ దంచేస్తోంది, నీళ్లు తాగు.’ మొదట్లో అటునుంచీ ‘సరే అన్నా’ అని వచ్చేది. ఈ మధ్య ఆయనకి బద్ధకం పెరిగినట్టుంది, రాయడం లేదు. అయినా పొద్దున్నకల్లా మూత శుభ్రంగా తుడిచి ఉంటుంది. అంటే చదివాడన్నమాట. అది చాలు. పైగా పనిమంతుడు. టూల్‌కి సానపడితే అచ్చం తను పట్టినట్టే ఉంటుంది, వెంట్రుకవాసి తేడా ఉండదు.

అలాంటివాణ్ణి పట్టిస్తే, తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు కాదూ?

రెండింటికి హారన్ మోగింది. సూపర్‌వైజర్ గది గుమ్మంలో నిలబడి చూశాడు.

“రేపు చెప్తాను సార్,” అన్నాడు టర్నర్.

ఎప్పట్లాగే కొత్త టూల్‌కి సానపట్టాడు. నాలుగు బోల్టులూ పళ్లు బిగబట్టి బిగించాడు. మణికట్టు చురుక్కుమంది. స్పానర్ అరిగిపోయింది, ఈ మధ్య చేతికి సరిగ్గా ఆనడం లేదనుకున్నాడు. బయట బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. వెళ్లనీ. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తల దువ్వుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. ఎన్నాళ్లకో ఒక మనిషితో నాలుగు మాటలు మాట్లాడబోతున్నాడు మరి! ఏం చెప్పాలో మనసులోనే అప్పజెప్పుకున్నాడు. ‘తమ్ముడూ, ఏం భయపడకు. నేనెవరికీ చెప్పలేదు. ఇకమీదట కాస్త చూసి బిగించు, అంతే.’

మూడైంది. మిగతా మెషిన్ల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి పనుల్లో పడ్డారు. మూడుంపావైంది. ఇటువైపు ఎవరూ రాలేదు.

చీపురు పట్టుకుని ఊడ్చే ఆవిడ వచ్చింది. “అదేంటి బాబాయ్, ఇంకా ఇక్కడే ఉన్నారు? బస్సు తప్పిపోయిందా?”

“లేదమ్మా, కావాలనే ఆగాను. సెకండ్ షిఫ్ట్ ఆయనతో ఓ మాటుంది. ఇవాళ ఆలస్యమైనట్టుంది.”

“ఎవరూ?”

“అదేనమ్మా, ఈ మెషిన్ ఆయన. పొద్దున టూల్ వదులై కొంప మునిగేది. సూపర్‌వైజర్ గుచ్చిగుచ్చి అడిగాడు. ఒకరి పొట్ట కొట్టడమెందుకని నోరు విప్పలేదు. చాటుగా ఆయనకే చెప్పి పోదామని...”

ఆవిడ చీపురు గోడకి ఆనించింది.

“మీకెవరూ చెప్పలేదా బాబాయ్? దీనికి సెకండ్ షిఫ్ట్ తీసేసి రెండు నెలలైంది. ఊడ్చేటప్పుడు ఆ పెట్టె మూత మీద సుద్ద రాతలు తుడిచేది కూడా నేనే. అప్పట్నుంచీ ఈ మెషిన్ మీద చెయ్యి వేసేది మీరొక్కరే.”