నలభై టిక్కుల దొంగతనం

సబీహా తన దొంగతనానికి మధ్యాహ్నం ఒకటింబావు ముహూర్తం పెట్టుకుంది. సెంటరు పెద్ద డాక్టర్ రామభద్రరావు పైఅంతస్తులో పెరుగన్నం తిని, అక్కడే కుర్చీలో ఓ కునుకు తీసే టైము అది. ఆయన సొరుగు రెండో తాళంచెవి రిసెప్షన్‌లో క్యారల్ దగ్గరుంటుంది.

"ఆంటీ, జెర ఐదు నిమిషాలియ్యి. చూసి మళ్లా పెట్టేస్తా."

"నా జాబ్ పోతే నువ్వు పోషిస్తావా మ్యాన్?" అంటూనే క్యారల్ తాళంచెవి చేతిలో పెట్టింది. "పరీక్ష కాగితాలన్నీ ఆయన గదిలోనే ఉన్నాయి. త్వరగా రా, నాకు బీపీ."

సబీహా సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరి ఆ స్కానింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తోంది. ఏడుస్తూ వచ్చిన పిల్లలు కూడా ఆమె భుజం తట్టి చెబితే ఊపిరి బిగబట్టి బుద్ధిగా నిలబడతారు. ఆమె తీసిన ఫిల్ము మళ్లీ తీయాల్సిన అవసరం రాదు. అంత పనిమంతురాలికీ పరీక్ష అనే మాట వింటేనే భయం. పదో తరగతి మూడుసార్లు రాసిన మనిషి మరి!

ఈమధ్య యాజమాన్యానికి కొత్త పిచ్చి పట్టింది. స్కానింగ్ పనికి మనుషుల్ని ఎంచుకోవడానికి ఓ పరీక్ష తయారు చేయించింది. ఈ బొమ్మను తిప్పితే ఎలా ఉంటుంది, ఈ రెండు ఎక్స్‌రేల్లో తేడా ఎక్కడుంది, ఇలాంటి ప్రశ్నలు నలభై. కొత్తవాళ్లకు పెట్టేముందు, పెద్దా చిన్నా తేడా లేకుండా సెంటర్లో ఉన్న అందరూ రాయాలి. బాగా పనిచేసేవాళ్లకు నిజంగా బాగా మార్కులొస్తున్నాయో లేదో చూస్తారట.

"ఇది మీకు పరీక్ష కాదండీ, పరీక్షకే పరీక్ష. పేపరు మీద పేరు కూడా ఉండదు, నంబరే. ఎవరి నంబరు ఏదో ఈ సీలు కవర్లో ఉంటుంది" అని దాన్ని తయారుచేసిన శ్రీలేఖ నవ్వుతూ చెప్పింది.

ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. మార్కులు తక్కువొచ్చినవాళ్లను ఇంటికి పంపేస్తారని సాయంత్రానికల్లా సెంటరంతా గుప్పుమంది. సబీహాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. బోయిగూడలో ఇంటి అద్దె, అమ్మ సర్దార్ బీ మందులు, అన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి.

సొరుగులో ఒకే ఒక్క కాగితం ఉంది. ఒకటి నుంచి నలభై దాకా వరసగా టిక్కులు, ఎక్కడా కొట్టివేత లేదు. పేరు లేదు, సంతకం లేదు. జవాబుల కాగితం కాకపోతే ఇంత భద్రంగా ఎందుకు దాస్తారు? సబీహా గబగబా ఫోన్లో ఫొటో తీసుకుని, ఎగిరి గంతేసినంత పని చేసింది.

రెండు రోజులు ఆమె నోట అదే పాట. రొట్టెలు కాలుస్తూ "ఏ సీ సీ డీ", బట్టలు ఆరేస్తూ "బీ బీ డీ ఏ".

"ఏం పాట బేటీ అది? ఒక్క ముక్క సమజ్ కావట్లే" అంది సర్దార్ బీ.

"నౌకరీ పాట అమ్మీ!"

శనివారం సబీహా ఆరు నిమిషాల్లో పేపరు పూర్తిచేసింది. చాలాచోట్ల తన కళ్లకు వేరే జవాబు కనబడింది కానీ, పెద్దవాళ్ల కాగితం కంటే నా కళ్లు ఎక్కువా అనుకుని టిక్కు కొట్టేసింది. అప్పుడు చూడాలి ఆమె ధీమా!

సోమవారం శ్రీలేఖ అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"రెండు పేపర్లు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. నలభై టిక్కులూ ఒకటే. ఒకరిది చూసి ఇంకొకరు రాశారు."

సబీహా గబగబా ఫోన్లోని ఆ ఫొటో చెరిపేసింది.

"ఎన్ని మార్కులొచ్చాయేంటి?" అని క్యారల్ ఆత్రంగా అడిగింది.

"తొమ్మిది."

హాలంతా గొల్లుమంది. కాపీ కొట్టి తొమ్మిది తెచ్చుకున్న ఘనుల్ని చూడాలని అందరూ అటూ ఇటూ తలలు తిప్పారు. సబీహాకు బుర్ర తిరిగిపోయింది. జవాబుల కాగితం చూసి రాస్తే తొమ్మిదేంటి?

శ్రీలేఖ మాత్రం నవ్వలేదు. "కాపీ చేసినవాళ్లను ఉద్యోగంలోంచి తీసేయమని పైనుంచి ఆర్డరు. పేర్లు చూద్దాం" అంటూ సీలు కవరు చేతిలోకి తీసుకుంది.

ఇక దాచి లాభం లేదని సబీహా సగం లేచింది. అంతలో ముందు వరసలోంచి రామభద్రరావు ఒక్క ఉదుటున వెళ్లి ఆ కవరు లాక్కున్నాడు.

"ఆగండమ్మా! పేపరు బయటికి పొక్కిందంటే ఈ పరీక్షే చెల్లదు. కొత్త ప్రశ్నలతో మళ్లీ పెట్టుకోండి. నా సెంటర్లో ఒక్కరి పేరు బయటికొచ్చినా నేను ఊరుకోను" అంటూ కవరును నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు.

ఎప్పుడూ చిటపటలాడే ఆ మనిషి అంత మాట అనేసరికి హాలంతా చప్పట్లు. శ్రీలేఖ కూడా చివరికి సరేనంది.

సబీహాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ ఆయన గదిలోకి పరిగెత్తింది.

"సార్, ఆ దొంగను నేనే సార్. మీ సొరుగులకెళ్లి నేనే తీసిన, తప్పైంది. మీరు దేవుడు సార్! నన్నెందుకు కాపాడిన్రు?"

రామభద్రరావు తలుపు గడియ వేసి, గొంతు బాగా తగ్గించాడు.

"నిన్నెవరు కాపాడారమ్మా? నువ్వు తీసింది జవాబుల కాగితం కాదు, అందరికంటే ముందు నేను రాసిపెట్టుకున్న నా పేపరు!"