పంటి కింద చక్కెర

"నోట్లో చక్కెర బిళ్ళ తీసేసి చెప్పండి మహాప్రభో!" పరిశోధనకొచ్చిన అమ్మాయి తావ్‌గా ఉదయం నుంచి పదకొండోసారి మొత్తుకుంది.

ఆ కుర్దు కొండ ఊళ్ళో పంటి కింద చక్కెర బిగించకుండా టీ తాగేవాడు లేడు. టీ పడకుండా నోరు విప్పేవాడూ లేడు.

వాళ్ళ యాసలో 'ప'కీ 'బ'కీ, 'త'కీ 'ద'కీ గొంతులో తేడా ఎంతో కొలవడం ఆమె చదువు. చేతిలో నలభై ఏళ్ళ నాటి టేపుంది. ఈ ఊరి పడుచువాడెవరో అందులో మాటల జాబితా చదివాడు. పేరు చెరిగిపోయింది. ఆ మనిషి దొరికి, అవే మాటలు మళ్ళీ చెబితేనే పట్టా.

దొరికితే కదా!

పైగా మూలనున్న ముసలాయనొకడు పక్కవాళ్ళకి పాఠాలు మొదలెట్టాడు.

"గొంతు మీద వేలు పెట్టుకోండ్రా. 'బ' అంటే గురగురమనాలి. 'ప' అంటే ఊరుకోవాలి."

"ఎవరీయన?" తావ్‌గా పళ్ళు నూరింది.

"ఫతాహ్ మామ. ఎప్పుడో వలసపోయి, మొన్నే తిరిగొచ్చాడు. ఎవరూ లేరు పాపం," అంది ఇంటావిడ హప్సా.

"మామా, పంతులు పని నాకొదిలెయ్యండి. ఈ మాట మూడుసార్లు చెప్పండి చాలు."

"మూడుసార్లా? నేనేమన్నా చెవిటివాడితో మాట్లాడుతున్నానా?"

పటుక్కున చక్కెర కొరికాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. రికార్డింగు కాస్తా పాడైంది.

"అప్పుడూ ఇంతే బిడ్డా, ఒకాయనొచ్చి..."

"కథలొద్దు మామా! మీకు పుణ్యముంటుంది, బయట కూర్చోండి."

ముసలాయన టీ గ్లాసుని సాసర్లో పక్కకి పడుకోబెట్టాడు, ఇక చాలన్నట్టు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నెల తర్వాత హప్సా ఫోన్ చేసింది.

"ఫతాహ్ మామ పోయాడే. మూడురోజుల పరామర్శ కూడా అయిపోయింది. నీ నంబరు రెండుసార్లు అడిగాడు. విసుక్కుంటావని నేనే ఇవ్వలేదు."

తావ్‌గాకి ఏదోలా అనిపించింది. పని ఆగదు కదా, పాత టేపు పెట్టింది. ఎప్పుడూ జాబితా అయిపోగానే ఆపేసేది. ఇవాళ ఆపడానికి చెయ్యి రాలేదు.

టేపు తిరుగుతోంది.

"గొంతు మీద వేలు పెట్టుకుని, ఇంకో మూడుసార్లు," ఎవరో పెద్దమనిషి అడిగాడు.

"మళ్ళీ మూడుసార్లా? నేనేమన్నా చెవిటివాడితో మాట్లాడుతున్నానా?" పడుచు గొంతు విసుక్కుంది.

ఆ వెనకే, పటుక్కుమని చక్కెర కొరికిన చప్పుడు.