పొద్దుటి తూకం

"ఎంతే?" పాత ఇనుము కొట్టాయన కాటా మీద నిలబడి, ఊపిరి బిగబట్టి అడిగాడు.

"డెబ్బైరెండండీ. నిన్నటిదే." భార్య అంకె చదివి క్యాలెండర్ మీద రాసింది.

"హమ్మయ్య!" అని దిగాడు.

ఆ ఎలక్ట్రానిక్ కాటా మీద ఎన్నేళ్లుగానో పగిలిన బకెట్లు, తుప్పు పట్టిన సైకిళ్లు తూగేవి. తెచ్చినవాళ్లు "ఇంటి దగ్గర తూస్తే ఎక్కువే ఉందే" అని గొణిగితే, "అయితే మీ ఇంటి కాటాకే అమ్ముకోండి" అనేవాడు. అంత నోరు. ఇప్పుడు నెల రోజులుగా పొద్దున్నే దాని మీద మొదటి బేరం ఆయనే.

డాక్టరు విడమరిచి చెప్పాడు మరి. "మీ గుండె కండ సాగిపోయి బలం తగ్గింది. రక్తాన్ని గట్టిగా తోయలేకపోతోంది. ఒంట్లో నీరు నిలుస్తుంది. అది ముందు బరువులోనే తెలుస్తుంది. రోజూ తూచుకోండి. రెండు కిలోలు పెరిగాయా, పరుగున రండి. మందు మారిస్తే నీరు దిగిపోతుంది. ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు."

అప్పటి నుంచి భార్య ఒక్క పూట తప్పలేదు. ఉప్పు లేని కూర, వేళకు మాత్ర. ఆమె ముందుపళ్లు రెండూ ఆయన దెబ్బకు ఊడినవే. అయినా పల్లెత్తు మాట అనేది కాదు. తూచేటప్పుడు స్వెట్టర్ జేబులో చేయి పెట్టుకుని ఒద్దికగా పక్కన నిలబడేది.

"ఈ ఉక్కలో స్వెట్టరేంటే, మొద్దుమొహమా?"

"నాకు చలెక్కువండీ."

మరో పది రోజులకు ఆయన కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడక తల కింద రెండు దిండ్లు నాలుగయ్యాయి.

చూడ్డానికి వచ్చిన చెల్లెలు గుండెలు బాదుకుంది. "అన్నయ్యా, కాళ్లు గుమ్మడికాయల్లా ఉన్నాయి! లే, ఆసుపత్రికి పోదాం."

"నోర్ముయ్యవే. నువ్వేమన్నా డాక్టరువా? బరువు వీసమెత్తు పెరగలేదు." ఆయాసపడుతూనే నవ్వాడు. "నా కాటా నాకే అబద్ధం చెబుతుందా?"

మర్నాడు పొద్దున్న కాటా ఎక్కాడు. "ఎంతే?"

"డెబ్బైరెండేనండీ."

దిగబోతూ అక్కడే కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

"మా వదిన పసిబిడ్డను తూచినట్టు రోజూ తూచింది, పాపం," అని చెల్లెలు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చింది.

అందరూ వెళ్లాక భార్య స్వెట్టర్ విప్పి, ఇనుము తెచ్చేవాళ్ల తూకం తగ్గించడానికి ఆయనే ఒకప్పుడు చేతికిచ్చిన, ఒక్కో నొక్కుకు రెండు కిలోలు మింగే బుల్లి రిమోట్‌ను దాని జేబులోంచి తీసి తుక్కు కుప్పలోకి విసిరేసింది.