ప్రతి ఈకకూ తెల్లచుక్క

1974 జూలైలో ఒక మంగళవారం పొద్దున గోదావరిఖని గుడిసెల్లోంచి కనకవ్వను వెళ్లగొట్టారు.

కారణం కోళ్లు.

ఆ రోజు మొదటి షిఫ్టులో బొగ్గుబాయి లోపల కొత్త చోట తవ్వకం మొదలుపెట్టాలి. అంతకుముందు బాయి దగ్గర మైసమ్మకు నల్లకోడిని కోస్తారు. ఒంటి మీద వేరే రంగు ఈక ఒక్కటీ ఉండకూడదు.

కోడిని తెచ్చే వంతు పోశంది. ఆ చోట పనిచేసేది కూడా అతని ముఠాయే.

గుడిసెల్లోని కోళ్లన్నీ పొడలవి. నల్ల ఒళ్లు, తెల్లచుక్కలు.

"రెండు ఈకలు పీకితే అయిపాయె," అన్నాడు ముఠాలో పెద్దవాడు రాజం. "పోయినేడు గట్లనే చేసినం గద."

పోశం ఒక పెట్టను పట్టి రెక్క విప్పాడు. ప్రతి ఈక కొసనా చుక్క ఉంది.

"దీన్ని నల్లగ చెయ్యాలంటే మొత్తం బోడిగ చెయ్యాలె కాకా."

"బోడికోడినిస్తే మైసమ్మ మనల బోడిగ చేస్తది."

పక్క ఊళ్లకు పోయి తెచ్చే టైము లేదు.

కనకవ్వ ఐదేళ్ల కిందట పొడల పుంజును చంకన పెట్టుకుని వచ్చింది. ఏ ఊరని ఎవరూ అడగలేదు. నల్లపుంజు ఎవరింట ఉన్నా రెండు కోడిపిల్లలిచ్చి తీసుకుని, సంతలో అమ్మేది. వాళ్ల పెట్టల మీదికి తన పుంజును వదిలేది. పిచ్చిదన్నారు. కోడిపిల్లలను మాత్రం తీసుకున్నారు.

మొదట్లో పిల్లలకు రెక్కలో రెండు మూడు తెల్ల ఈకలే వచ్చేవి. బాయి వాళ్లు అవి పీకి కోసుకున్నారు. ఆమె చుక్కలు ఎక్కువున్న వాటిని ఏరి, మళ్లీ జత కట్టించింది.

పోశం ఆమె గుడిసె ముందు నిలబడ్డాడు.

"అవ్వా, కావాలనే చేసినవా?"

"కావాలనే చేసిన."

"మైసమ్మతోటి నీకేం పగ?"

"పగ లేదు. కోడిని కోసి ధీమాగ దిగుతరు. ఇయ్యాల భయంతోటి దిగుండ్రి."

పోశం భార్య మల్లక్క ముందుకొచ్చింది. "నోరు మంచిగ రానియ్యి ముసల్దానా! ఆడ దిగేది నా మొగడు."

"దిగుతుండనే చెప్తున్న బిడ్డా."

మల్లక్క ఆమె గంపను వీధిలోకి విసిరింది. "పో! మల్ల ఈడ కనవడకు."

"నేను పోత. కోళ్లు ఈడనే ఉంటయ్. వాటినెట్ల ఎల్లగొడ్తవో కొట్టు."

కనకవ్వ గంప ఎత్తుకుని పెద్దపల్లి రోడ్డు పట్టింది.

సైరన్ మోగింది. ముఠా కోడి లేకుండానే దిగింది.

కొత్త చోటికి చేరాక పోశం ఆగాడు.

"కాకా, పైకప్పును కట్టెతోటి కొట్టి చూస్కుంట పోదాం."

"ఎన్నడన్న కొట్టినమారా?"

"ఎన్నడన్న కోడి లేకుంట దిగినమా?"

రాజం కట్టె అందుకున్నాడు.

నాలుగు చోట్ల కప్పు గట్టిగా పలికింది. ఐదో చోట డొల్లగా పలికింది. రాజం అందరినీ వెనక్కి పిలిచాడు. వాళ్లు మలుపు దాటాక కప్పు కూలింది. ఎవరికీ దెబ్బ తగలలేదు.

షిఫ్టు అయ్యాక పోశం, మల్లక్క ఆమెను వెతుకుతూ పెద్దపల్లి పోయారు. బస్టాండులో కనకవ్వ లేదు. రైలు స్టేషన్‌లో టీ అమ్మే ఆగయ్యను అడిగారు. అతను గోదావరి అవతల ఒక బాయిలో పనిచేసి మానేసినవాడు.

"నల్లకోళ్ల కనకవ్వనా? పగటి బండికే ఎల్లిపాయె. ఏడికో చెప్పలే."

"నల్లయి కాదన్నా, పొడలయి," అంది మల్లక్క.

"నాకెర్కలేదా? మా బాయి కనకవ్వనే."

అవతలి బాయిలో మైసమ్మకు ఏటా మచ్చలేని నల్లకోడిని పెంచి ఇచ్చింది ఆమే. ఆమె ఇచ్చిన చివరి కోడిని కోసిన రోజు, కప్పు కొట్టి చూడకుండా దిగిన ముఠాలో ఆమె పెనిమిటి, ఇద్దరు కొడుకులు ఉన్నారు, ముగ్గురూ పైకి రాలేదు.