చైనా గుడి ముసలాయన

"ఒక్క మాట చెప్పాలమ్మా."

సత్యశ్రీ వెనక్కి తిరిగింది. గుడిలో కాలిపోయిన అగరుబత్తీల పుల్లలు ఏరే ముసలాయన. బర్మా భాషలో పిలిచాడు.

విశాఖ నుంచి వచ్చిన చిన్నాన్న కూతురు జయంతికి యాంగోన్ పాత గుళ్లు చూపిస్తోంది సత్యశ్రీ. బౌద్ధుల గుళ్లు రెండు చూసి, నది ఒడ్డున ఉన్న ఈ చైనా గుడికి వచ్చారు.

"ఏటంటన్నాడక్కా?" అంది జయంతి.

"జాతకం చెప్తాడు కాబోలు. పద."

ముసలాయన వెంట వచ్చాడు.

"మీది పబేడాన్ పేట కదా? మీ నాన్న పేరు దేముడు."

సత్యశ్రీ ఆగిపోయింది. నాన్న పోయి ఐదేళ్లు.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"కూర్చోమ్మా, చెప్తాను."

"పోయినవాళ్ల పేరు చెప్పి డబ్బులు గుంజుతారా? సిగ్గు లేదూ?"

దణ్ణం పెట్టుకుంటున్నవాళ్లంతా తిరిగి చూశారు.

ముసలాయన తలొంచుకున్నాడు. ఒక అగరుబత్తి వెలిగించి సముద్రపు అమ్మవారి ముందు గుచ్చి, తన పనిలోకి వెళ్లిపోయాడు.

జయంతి ఊరెళ్లిపోయింది. సత్యశ్రీకి మాత్రం మనసు మనసులో లేదు. నాన్న పేరు ఆయనకెలా తెలుసు?

నెల తిరక్కుండానే ఒక్కతే మళ్లీ వచ్చింది. ముసలాయన లేడు. గుమ్మం ముందు పూలమ్మే మనిషి ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే, అతన్నే అడిగింది.

"పుల్లలేరే ముసలాయన, ఊ తేన్ హానా? పోయిన మంగళారం సచ్చిపోనాడమ్మా. గుండె నొప్పి. నువ్వెవరివి?"

"మాది ఇదివరకు పబేడాన్. మా నాన్న పేరు దేముడు. ఆయనకెలా తెలుసో అడుగుదామని..."

పూలతను దండ కింద పెట్టేశాడు.

"మూడో అంతస్తు ఇల్లు... నువ్వా తల్లీ! నన్ను దండాసంటారు. కరోనాలో శవాలు మోసినోళ్లం. ఆయనా, నేనూ, మరిద్దరూ."

ఆ రోజు తనకీ అమ్మకీ ఒళ్లు కాలిపోయే జ్వరం. మొహాలు కప్పుకున్న నలుగురు నాన్నను తీసుకుపోయారు. ఎవరో, ఏమిటో, ఇప్పటిదాకా తెలీదు.

"నువ్వు మెట్ల మీద కూలబడి 'నాన్నా, నేను రాలేపోతన్నాను' అని ఏడిసినావు. ఆయనకి తెలుగు రాదు. ఆ పిల్ల ఏటందని దారంతా నన్నే అడిగినాడు."

సత్యశ్రీ అక్కడే కూర్చుంది.

"శవం చీటీ మీద మీ నాన్న పేరు సూసి గురుతెట్టుకుని, తరవాత రెండుసార్లు మీ ఇంటికెల్లాడు. మీరు సంచౌంగ్ పేటకి మారిపోనారంట."

"ఎందుకు... వెళ్లారు?"

"నీ మాట మీ నాన్నకి సేరిందని సెప్పడానికి. ఆ మాట నా దగ్గర నేర్సుకుని, మీ నాన్న సెవిలో తెలుగులోనే మూడుసార్లు సెప్పి, కొరివి పెట్టింది ఆయనే తల్లీ."